గేదెకు వేసిన సూది... మనిషికి కుక్కకాటు

సోమవారం ఓపీ అంటే తిరునాళ్లే. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఓ పెద్దాయనకు మందులు రాసి చీటీ చేతికిచ్చాను. ఆయన కదల్లేదు. ‘సారూ, ఆ నొప్పి సూది ఇంకో రెండు రాయి. మా బర్రె కాలు కుంటుతున్నది. దానిక్కూడ గిదే ఏస్తం, మంచిగ పనిచేస్తది’ అన్నాడు. మనుషుల మందు పశువులకు వాడకూడదని, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. ‘నొప్పి ఎవరికైనా నొప్పే గద సారూ’ అంటూ లేచి వెళ్లిపోయాడు.

ఆయన మాటలో తప్పు లేదు. నోరులేని జీవి బాధ చూడలేకే అడిగాడు. అయితే ఆయన వెనకే వరుసలో ఓ తల్లి తన కొడుకుతో నిలబడి ఉంది. పిల్లాడి పిక్కకు చీర పేగు కట్టి ఉంది. బడి నుంచి వస్తుంటే వీధి కుక్క కరిచిందట. ఆ ఉదయం అలాంటి వాళ్లు మరో నలుగురు వచ్చారు. పెద్దాయన అడిగిన సూదికీ, ఈ పిల్లాడి పిక్క మీది గాయానికీ సంబంధం ఉందంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ఎవరైనా చెబితే నేనూ నవ్వేసేవాణ్ని. కానీ సంబంధం ఉంది. ఆ రెండింటి మధ్య ఓ పక్షి ఉంది. దాని పేరు రాబందు.

ఊరి చివర పారిశుద్ధ్య దళం

పల్లెలో పుట్టి పెరిగి నలభై దాటిన వాళ్లకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఊళ్లో ఎద్దో గేదో చనిపోతే ఊరి బయట బీడులో పడేసేవారు. కాసేపటికే ఆకాశంలో చుక్కల్లా రాబందులు తిరిగేవి. ఒకటి దిగితే దాన్ని చూసి పది, పదిని చూసి యాభై దిగేవి. గంట, రెండు గంటలు గడిచేసరికి తెల్లటి ఎముకలే మిగిలేవి. వాసన లేదు, పురుగు లేదు, పంచాయతీకి పైసా ఖర్చు లేదు.

మన భాషలో రాబందు అంటే తిట్టు. వడ్డీల మీద వడ్డీలు గుంజేవాణ్నీ, కష్టంలో ఉన్నవాణ్ని పీక్కుతినేవాణ్నీ రాబందు అంటాం. ఇంటి మీద వాలితే అరిష్టం అంటాం. రామాయణంలో సీతమ్మ కోసం ప్రాణమిచ్చిన జటాయువు గద్దజాతికి రాజని గౌరవిస్తూనే, కళ్లెదుట కనబడే ఆ జాతి పక్షిని అసహ్యించుకున్నాం. నిజానికి అది ఎవరినీ పీక్కుతినదు. వేటాడదు. చచ్చినదాన్ని మాత్రమే తింటుంది. దాని కడుపులోని ఆమ్లం ఎంత గాఢమైనదంటే, కుళ్లిన మాంసంలో ఉండే రకరకాల సూక్ష్మజీవులు అందులో పడి నశిస్తాయి. ఇతర జంతువులకు జబ్బు చేసే ఆహారం దానికి మామూలు భోజనం.

1980లలో మన దేశంలో దాదాపు 4 కోట్ల రాబందులు ఉండేవని అంచనా. 1990లలో అవి కనబడకుండా పోవడం మొదలైంది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం తగ్గింది. అంటే వెయ్యి పక్షులు ఉన్నచోట ఒక్కటి మిగిలింది. పొడవు ముక్కు, సన్న ముక్కు రాబందులు కూడా దాదాపు 97 శాతం పోయాయి. ఒక పక్షిజాతి ఇంత వేగంగా కనుమరుగవడం ప్రపంచంలోనే అరుదు. అయినా అప్పట్లో మనలో ఎంతమంది గమనించాం? పిచ్చుకలు పోయాయని బాధపడ్డాం. రాబందులు పోతే పీడా పోయిందనుకున్నాం.

గుట్టు విప్పింది పశువైద్యుడే

మొదట్లో అందరూ ఏదో వైరస్ అనుకున్నారు. పురుగుమందులేమో అని కొందరు అనుమానించారు. పాకిస్థాన్‌లో చనిపోయిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం 2004లో అసలు కారణం బయటపెట్టారు. చనిపోయిన పక్షుల గుండె, కాలేయం మీద తెల్లటి సుద్దలాంటి పొర పేరుకుని ఉంది. అది యూరిక్ యాసిడ్. కిడ్నీలు పూర్తిగా పాడైతేనే అలా పేరుకుంటుంది. ఆ కిడ్నీలలో దొరికిన మందు డైక్లోఫెనాక్.

ఈ పేరు మీలో చాలామందికి తెలుసు. నడుం పట్టేసినా, పన్ను నొప్పి వచ్చినా వాడే మందు. మీ ఇంటి మందుల డబ్బాలో ఇప్పుడూ ఒక షీటు ఉండొచ్చు. 1970ల నుంచి మనుషులకు వాడుతున్నాం. 1990లలో చౌక రకాలు మార్కెట్లోకి రావడంతో పశువులకూ వాడడం పెరిగింది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన గేదెకు, ఇక బతకదనుకున్న ఆవుకు చివరి ప్రయత్నంగా ఆ సూదే వేసేవారు. సూది వేసిన రెండు మూడు రోజుల్లో పశువు చనిపోతే మందు ఇంకా కండలో, కాలేయంలో ఉంటుంది. దాన్ని తిన్న రాబందు శరీరం ఆ మందును విరిచి బయటకు పంపలేదు. కొద్ది రోజుల్లోనే కిడ్నీలు విఫలమై చనిపోతుంది.

నొప్పి మాత్రలు నెలల తరబడి మింగి కిడ్నీలు పాడుచేసుకున్న వాళ్లను నేను వార్డులో చూస్తూనే ఉంటాను. రాబందుకు అన్ని నెలలు అక్కర్లేదు, ఒక్క భోజనం చాలు.

పశువులన్నిటికీ ఈ సూది వేయరు కదా, కోట్ల పక్షులు ఎలా చనిపోయాయి అనే సందేహం సహజమే. శాస్త్రవేత్తలు ఆ లెక్కా వేశారు. వంద కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువ వాటిలో మందు ఉన్నా సరే, జాతి మొత్తం కూలిపోవడానికి చాలు. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. ఆ పిల్ల పెరిగి మళ్లీ గుడ్డు పెట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. పోయేవి గుంపులుగా పోతుంటే, పుట్టేవి ఒక్కొక్కటిగా పుడుతుంటే లెక్క ఎప్పటికీ సరిపోదు.

విస్తరి ఖాళీగా ఉండదు

రాబందులు పోయాయి కానీ పశువులు చనిపోవడం ఆగలేదు. ఊరి చివర కళేబరాలు కుళ్లడం మొదలైంది. కొన్నిటిని కాలువల్లో, వాగుల్లో పడేశారు. ఆ నీరే కింద ఊళ్లకు వెళ్లింది. బీడులో మిగిలిన మాంసం కుక్కలకు దొరికింది. తిండి దొరికితే కుక్కల సంతతి పెరుగుతుంది. రాబందులా అవి ఎముక తేలేదాకా శుభ్రం చేయవు. వాటి కడుపు రాబందు కడుపూ కాదు. పైగా రాబందుకు లేని గుణం ఒకటి వాటికుంది. అవి రేబిస్‌ను మనిషి దాకా మోసుకొస్తాయి.

2008లో ప్రచురితమైన ఓ అధ్యయనం ఈ గొలుసును లెక్కగట్టింది. 1992 నుంచి 2006 వరకు రాబందులు తగ్గడం వల్ల దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు అదనంగా పెరిగాయనీ, దానివల్ల 47 వేలకు పైగా అదనపు రేబిస్ మరణాలు సంభవించాయనీ అంచనా వేసింది. 2024లో ఆర్థిక శాస్త్రవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ మరో కోణంలో చూశారు. ఒకప్పుడు రాబందులు బాగా ఉన్న జిల్లాలనూ, వాటికి అనువుగాని జిల్లాలనూ పోల్చారు. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగిందని తేల్చారు. 2000 నుంచి 2005 వరకు అయిదేళ్లలోనే దాదాపు 5 లక్షల అదనపు మరణాలు! మొదటిది రేబిస్‌ను మాత్రమే లెక్కపెట్టింది. రెండోది అన్ని కారణాల మరణాలనూ, కలుషిత నీటి వల్ల వచ్చేవాటితో సహా చూసింది. అందుకే అంకెల్లో అంత తేడా. అంచనాలన్నాక హెచ్చుతగ్గులుంటాయి. కానీ రెండూ వేలు చూపింది ఒకే దిక్కుకు.

వీధి కుక్కల సమస్యకు రాబందులు పోవడం ఒక్కటే కారణమని నేను అనను. మన చెత్తకుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు, సగం తిని పారేసిన పెళ్లి విస్తళ్లు కూడా కుక్కలను పోషిస్తున్నాయి. నా బాధల్లా ఒక్కటే. ఒక మందును అనుమతించేటప్పుడు అది పశువుకు ఏం చేస్తుందో చూశాం. ఆ పశువు పాలు తాగే మనిషి గురించి ఆలోచించాం. పశువు చచ్చాక దాన్ని ఎవరు తింటారో మాత్రం ఎవరూ అడగలేదు.

మేం చూసేది చివరి అంకమే

ఓ ముప్పై అయిదేళ్ల మనిషిని ఓ రాత్రి క్యాజువాలిటీకి తెచ్చారు. గొంతు పట్టేస్తోంది, నీళ్లు తాగలేకపోతున్నాడు అన్నారు. గ్లాసు దగ్గరకు తెస్తే ఒళ్లంతా వణికిపోయింది. ఫ్యాను గాలి తగిలినా అంతే. రెండు నెలల కింద కుక్కపిల్ల కరిచిందనీ, చిన్నదే కదా అని పసరు పూసి వదిలేశామనీ భార్య చెప్పింది. ఆయన పూర్తి స్పృహలో ఉన్నాడు. ‘డాక్టరు గారూ, రేపు డ్యూటీకి వెళ్లొచ్చా?’ అని అడిగాడు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికిన వాళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఐసీఎంఆర్ శాస్త్రవేత్తలు 15 రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే చేసి, మన దేశంలో ఏటా సుమారు 91 లక్షల మంది జంతువుల కాటుకు గురవుతున్నారని, దాదాపు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా వేశారు. నూటికి నూరుపాళ్లూ నివారించగల జబ్బుకు ఇన్ని ప్రాణాలు! 2025లో వీధి కుక్కల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టీవీల్లో కుక్కల ప్రేమికులు ఒకవైపు, బాధితులు మరోవైపు వాదించుకున్నారు. ఆ వాదనల్లో రాబందు పేరు నాకెక్కడా వినిపించలేదు.

నిషేధం కాగితం మీద, సీసా కౌంటర్ మీద

మన ప్రభుత్వం చూస్తూ కూర్చోలేదు. 2006లోనే పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. అయితే మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొని పశువులకు వేయడం ఆగలేదు. అందుకే 2015లో మనుషుల ఇంజక్షన్‌ను ఒక్క డోసు, అంటే 3 మిల్లీలీటర్ల సీసాల్లో మాత్రమే అమ్మాలని ఆదేశించింది. అంత చిన్న సీసాలు గేదె బరువుకు ఎన్నో కావాలి కాబట్టి గిట్టుబాటు కాదన్నది ఆలోచన. 2023లో ఏసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను, 2024 చివర్లో నిమెసులైడ్‌ను కూడా పశువైద్యంలో నిషేధించారు. ఏసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు మారింది తప్ప విషం అదే.

మరి గేదె నొప్పికి దారి లేదా? ఉంది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని 2006 నాటికే రుజువైంది. టోల్ఫెనమిక్ యాసిడ్ కూడా సురక్షితమేనని తర్వాత తేలింది. పశువైద్యులను అడిగితే ఇవే రాస్తారు. కాబట్టి ఇక్కడ రైతు బాధకూ పక్షి ప్రాణానికీ పోటీ లేదు. మా ఓపీకి వచ్చిన పెద్దాయనకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోవడమే సమస్య. ఆ రోజు నేనూ ‘వాడొద్దు’ అన్నానే గానీ ‘ఇది వాడు’ అని చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు. తర్వాత పశువైద్యుడైన మిత్రుణ్ని అడిగి తెలుసుకున్నాను. పాతికేళ్లుగా వైద్యంలో ఉండి, పక్క వీధిలోని పశువుల ఆసుపత్రితో మాట్లాడాల్సిన అవసరం నాకు అప్పుడే మొదటిసారి వచ్చింది. ఇది నా ఒక్కడి లోపం కాదు, మా చదువుల తీరే అంత.

అదే తప్పు ఇంకోసారి

ఈ కథ పక్షులతోనే ఆగిపోతే ఇంత ఆందోళన పడేవాణ్ని కాదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఐసీయూలో ఏ మందుకూ లొంగని ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మేం ఆఖరి అస్త్రంగా తీసేది అదే. అదే మందును కోళ్లు త్వరగా బరువు పెరగడానికి దాణాలో కలిపేవారు. దాన్ని లెక్కచేయని బ్యాక్టీరియా పశువుల నుంచి మనుషులకు చేరగలదని 2015లో చైనాలో బయటపడింది. మన దేశం 2019లో ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది. మంచి నిర్ణయం. అయితే రాబందుల విషయంలో నేర్చుకున్న పాఠం ఇక్కడ ముందే పనికొచ్చి ఉండాల్సింది. పశువుకు వేసిన మందు పశువుతో ఆగదు. మట్టిలోకి, నీటిలోకి, మరో జీవిలోకి, చివరికి మన వార్డులోకి వస్తుంది.

దీన్నే ఇప్పుడు ‘వన్ హెల్త్’ అంటున్నారు. మనిషి, పశువు, పర్యావరణం... మూడింటి ఆరోగ్యం ఒక్కటే అని. నాగపూర్‌లో దీనికోసం జాతీయ సంస్థకు 2022లో శంకుస్థాపన కూడా జరిగింది. సంతోషం. కానీ నాగపూర్‌లో భవనం లేస్తే సరిపోదు, మండలంలో ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాలి. ఒక వీధి నుంచి వారంలో ఆరుగురు కుక్కకాటుతో వస్తే ఆ సంగతి అదే రోజు పశువైద్యుడికి తెలియాలి. పిచ్చి లక్షణాలతో కుక్క చనిపోతే ఆ సమాచారం మాకు అందాలి. జిల్లాలో నెలకోసారి మనుషుల డాక్టరు, పశువుల డాక్టరు, అటవీ అధికారి, మున్సిపల్ కమిషనర్ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. నాలుగు కుర్చీలు చాలు. పశువుల కోసం ఏ కొత్త నొప్పి మందు వచ్చినా, రాబందులకు సురక్షితమని తేలాకే మార్కెట్లోకి వదలాలి. వీధి కుక్కలను చంపడం వల్ల రేబిస్ పోదు. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకాలు పడితేనే వ్యాప్తి ఆగుతుంది. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ మరణాలను పూర్తిగా ఆపాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఎక్కువ సమయం లేదు.

మన వంతు

పట్నంలో ఫ్లాట్‌లో ఉంటున్నాం, పాలు ప్యాకెట్లో వస్తున్నాయి, గేదెతో మాకేం పని అనుకోకండి. మీలో చాలామందికి ఊళ్లో ఇంకా పాడి ఉంది, అమ్మానాన్నలున్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట చెప్పండి. పశువుకు జబ్బు చేస్తే మందుల షాపుకు వెళ్లొద్దు, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. సూది వేసేవాళ్లను ‘మెలాక్సికామ్ వేయండి’ అని అడగమనండి. చికిత్సలో ఉండగా చనిపోయిన పశువును బయట పడేయకుండా లోతుగా పాతిపెట్టమనండి. మందుల షాపు నడిపే బంధువులుంటే, పశువు కోసమని అడిగిన వాళ్లకు మనుషుల నొప్పి సూదులు అమ్మొద్దని చెప్పండి. మీరు పెంచే కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి.

ఎవరినైనా కుక్క కరిస్తే, గీరినా సరే, ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, పసరు ఏదీ పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి రావాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 28 రోజుల్లో, కండకు వేసే పద్ధతిలో అయితే 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించుకోవాలి. గర్భిణులు, చంటిపిల్లలు కూడా భయం లేకుండా వేయించుకోవచ్చు. దీనికి పథ్యం లేదు. రెండు డోసులు వేసుకుని బాగానే ఉంది కదా అని మానేయడమే అన్నిటికంటే ప్రమాదం. టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. ఆ కొండ చరియల్లో పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకుని కనిపించాయని తెలిసినప్పుడు పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా సంబరపడ్డారు. హైదరాబాద్ జూపార్కులో, హర్యానాలోని పింజోర్‌లో వాటిని సంరక్షించి పిల్లలు చేయించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ పెంచిన పక్షిని ఆకాశంలోకి వదిలాక అది దిగేది మళ్లీ మన ఊరి బీడులోకే. అక్కడ దానికి దొరికే తొలి భోజనంలో ఏ మందు ఉంటుందన్నది శాస్త్రవేత్తల చేతిలో లేదు.

ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు, మోకాళ్లకే. బర్రె ఎలా ఉందని అడిగాను. ‘మంచిగున్నది సారూ, పశువుల డాక్టరు ఏరే సూది ఏసిండు’ అన్నాడు. ఈసారి కాస్త సమయం తీసుకుని, ఈ రాబందుల కథంతా చెప్పాను. ఆశ్చర్యంగా విన్నాడు. ‘చిన్నప్పుడు మా చెరువు కట్ట మీద మస్తుండె. యాడికి పోయినయో అనుకున్న గనీ, మనమే చంపినమా?’ అన్నాడు. తెలియక చేశాం అన్నాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఇకముందు ఆ మాట అనే వీలు మనకు లేదు.